ఏదో తగిలింది

"నా పేరు వింటే చాలు, నేరస్థులు సంకెళ్ల కొలతలిచ్చి వెళ్తారు," అన్నాడు స్కూటర్ తాళం కోసం వచ్చిన, డిటెక్టివ్‌నని చెప్పుకు తిరిగే మా బావ. గదిలో కూడా నల్ల కళ్లద్దాలు తీయలేదు. పక్కింటాయన చెప్పు పోయిన కేసును పోయినేడు ఛేదించింది ఈయనే. అది దొరికింది ఈయన కాలికే.

ఆసుపత్రి రికార్డుల గదిలో నేను కోడర్‌ని. డాక్టర్లు రాసిన ప్రతి జబ్బుకూ, ప్రతి దెబ్బకూ ఒక కోడ్ వేయాలి. డాక్టరు రాయనిది ఊహించి వేయకూడదు. ఆ రోజు నా ముందు మూడు ఫైళ్లున్నాయి. మూడూ విరిగిన ముక్కులే. 'ఎలా విరిగింది' అన్నచోట మూడింటిలోనూ ఒకటే మాట: 'ఏదో తగిలింది'. దానికి కోడ్ లేదు. ఐదింటిలోగా ముగించకపోతే రేపట్నుంచి రావద్దని సూపర్‌వైజర్ చెప్పేసింది. అప్పటికి నాలుగైంది.

"డాక్టరమ్మని అడగలేకపోయావా?"

"అడిగాను బావా. ఆవిడ రోగుల్ని అడిగింది. ముగ్గురూ నేల చూపులు చూశారట."

బావ ఫైళ్లు తిరగేశాడు. "ముగ్గురికీ సోమవారం తర్వాతే విరిగాయి. ముగ్గురూ నోరు విప్పరు. బామ్మర్దీ, ఇది ముక్కుల ముఠా! భయపెట్టి నోళ్లు కుట్టేశారు."

"ఐదింటిలోగా పట్టుకుంటావా?"

"నాలుగున్నరకే పట్టుకుంటా. కదలకు!"

కోటు కాలరు ఎత్తి, మెట్లు దిగి, గేటు వైపు పరుగు తీశాడు. వెనకే ధన్‌మని చప్పుడు.

నేను వెళ్లేసరికి బావ ముక్కు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. అద్దం తలుపు తుడిచే ఆయమ్మ నుదురు కొట్టుకుంది.

"నాలుగోవాడు! ఆదివారం ఈ అద్దానికున్న ఎర్ర స్టిక్కర్ పీకేశారు బాబూ. అప్పట్నుంచీ ఇదే వరస. ఎవరితో చెప్పొద్దని బతిమాలి మరీ పోతారు."

చప్పుడుకి వచ్చిన డాక్టరమ్మ ఆ మాట విన్నది. ముగ్గురికీ ఫోన్ చేసింది. ముగ్గురూ నీళ్లు నమిలి, అద్దం తలుపేనని ఒప్పుకున్నారు. ఆవిడ ఫైళ్లలో రాసి సంతకం చేసింది. నేను కోడ్‌లు వేసి, ఐదుకు మూడు నిమిషాలుండగా పంపేశాను.

నాలుగో ఫైలు మిగిలింది. బావ ముక్కులో దూదితో నా కుర్చీ పక్కన చేరాడు.

"బామ్మర్దీ, దాడి అని వెయ్యరా."

"డాక్టరమ్మ 'పరుగెత్తుతూ తలుపుకు గుద్దుకున్నాడు' అని రాసింది బావా. రాయనిది వెయ్యకూడదు."

బావ ముక్కులో దూది సర్దుకున్నాడు.

"పోనీ, ముందు కొట్టింది తలుపేనని రాయమను."