జాకీ దిగిన లారీ

ఆ శనివారం పొద్దున మాల్యాద్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. వాకాడు దిగువన పల్లెపాళెం ఒడ్డున వల లాగించడం, చేపలు లారీకెత్తడం, ఇసుక దిబ్బ దాటి కంకర రోడ్డెక్కడం, పదకొండు గంటల మద్రాసు బండికి ముందే గూడూరు స్టేషను చేరడం. ఇందులో మొదటి రెండూ మూడేళ్ళుగా రోజూ జరుగుతున్నవే. మూడోది సరిగ్గా జరగక నాలుగోది చెడుతోంది.

ఆ దిబ్బ రెండు వందల గజాలకు మించదు. కానీ లారీ వెనక చక్రాల్లో ఒకటి ఇసుకలో దిగబడిందంటే అదొక్కటే గిర్రున తిరిగేది. రెండోది గట్టి నేల మీద ఉండి కూడా చేతులు కట్టుకుని చూసేది. ఊరంతా వచ్చి తోస్తే గానీ లారీ కదిలేది కాదు. ఈ నెలలోనే మూడుసార్లు రైలు తప్పింది. శనివారం కూడా సరుకు అందకపోతే వేరే లారీ చూసుకుంటానని మద్రాసు షావుకారు కబురు పెట్టాడు. ఈ బేరం పోతే సొంత లారీ అమ్ముకుని, గూడూరులో బావమరిది నిమ్మకాయల లారీకి జీతం డ్రైవరుగా చేరాలి. బావమరిది మంచివాడే. రోజూ పొద్దున్నే ఆ మంచివాడి ముందు నిలబడి "వచ్చానండీ" అనడం మాత్రం మాల్యాద్రి వల్ల కాదు.

అందుకే నిన్న గూడూరులో హజరత్తయ్య మేస్త్రి షెడ్డుకు లారీ తోలుకుపోయాడు. మేస్త్రి వెనక ఇరుసు మధ్యలో ఉబ్బి ఉండే ఇనప డబ్బా విప్పి, లోపలున్నదాన్ని ఊడబెరికి, మద్రాసు పాతసామాన్ల అంగట్లో ఏదో విదేశీ లారీ నుంచి ఊడదీసిన కొత్త సరుకు బిగించాడు.

"నీ పాత డిఫరెన్షియలు ఉండాదే, అది సోమరిది మాల్యాద్రీ. ఏ చక్రానికి పని తేలికో బలమంతా దానికే పంపిస్తది. ఇది లిమిటెడ్ స్లిప్పు. ఒకటి జారినాదంటే రెండోదాన్ని కూడా మెడబట్టి పనిలోకి దించుద్ది," అన్నాడు.

హజరత్తయ్య చెయ్యి మంచిది. కాకపోతే రిపేరుకు పట్టినంత సేపూ ఉపన్యాసానికి కూడా పడుతుంది. అతను చేతులు తుడుచుకుంటూ "ఇంకొక ముఖ్యమైన మాట..." అనేసరికి మాల్యాద్రి ఇంజను స్టార్టు చేశాడు.

"రేపు వింటాలే మేస్త్రీ!"

ఆ ముఖ్యమైన మాట వల గురించి. ఒడ్డున నిలబడి లాగే అలివి వలకు రెండు తాళ్ళుంటాయి. ఒకదాన్ని పల్లెపాళెం ఊరిపెద్ద చిన్నపోలయ్య మనుషులు ముప్పై మంది లాగుతారు. రెండోదాన్ని మాల్యాద్రి లారీ లాగుతుంది. మూడేళ్ళ కిందట సగం మంది వరికోతలకు పోయినప్పుడు కనిపెట్టిన ఉపాయం అది. లారీని సముద్రానికి వీపు పెట్టి నిలిపి, ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం వేసి, వెనక కుడిపక్క జాకీ మీద లేపి, ఆ జంట టైర్ల మధ్య తాడు చుట్టి, మొదటి గేరు వేసి, యాక్సిలరేటరు మీద ఒక రాయి పెడతాడు. లేచిన చక్రం గాల్లో తిరుగుతూ తాడు లాగుతుంది. నేల మీది చక్రం కదలదు. సోమరి డిఫరెన్షియలు వల్ల లోకానికి జరిగిన మేలు అదొక్కటే. దాన్ని ఊడబెరికినప్పుడు ఆ మేలు కూడా ఊడిపోయిందని మాల్యాద్రికి తోచలేదు.

హజరత్తయ్యకు తోచింది. తెల్లవారి మొదటి బస్సుకే వాకాడులో దిగి, అద్దె సైకిలు తీసుకుని, ఇసుకలో తొక్కుకుంటూ బయలుదేరాడు. తొందరలో షెడ్డు బట్టలతోనే వచ్చేశాడు. కాకీ చొక్కా, కాకీ ప్యాంటు.

అవి మద్యనిషేధం రోజులు. పల్లెపాళెంలో గంగమ్మకు పెట్టడానికని రెండు కల్లుకుండలు సిద్ధంగా ఉన్నాయి. దూరాన సైకిలు మీద కాకీ బట్టలు కనబడగానే, పోలీసనుకుని చిన్నపోలయ్య భార్య కామమ్మ ఆ రెండు కుండల్నీ లారీలో తడి గోతాల కింద పెట్టించి, వల దగ్గరకు కబురు పంపింది.

"అమ్మా, లారీ యాడుండాది? తొందరగా చెప్పమ్మా, ప్రమాదం!" అన్నాడు హజరత్తయ్య రొప్పుతూ.

"ఏ లారీ సామీ?" అంది కామమ్మ. ఆమె గుడిసెల వెనకాలే లారీ ఉరుముతోంది.

"నేను మెకానిక్కును తల్లీ!"

"కావచ్చు సామీ. పోయినసారి వచ్చినాయన కొబ్బరికాయల బేరగాణ్ణన్నాడు. ఎండన పడొచ్చినారు, ముందు కూచోండి."

నలుగురు ఆడవాళ్ళు చాప పరిచి, అతన్ని కూర్చోబెట్టి, చేతిలో కొబ్బరిబోండాం పెట్టారు. అతను లేవబోయినప్పుడల్లా ఇంకో బోండాం వచ్చింది. మూడోది తాగేసరికి లేచినా పరిగెత్తే స్థితి లేదు.

అవతల వల ఒడ్డుకు వస్తోంది. తాడు వదులుగా ఉన్నంతసేపూ లారీ బుద్ధిగానే ఉంది. వల నిండా కానాగంత చేపలు పడ్డాయి. ఆ బరువు తగిలి తాడు బిగుసుకోగానే, నేల మీది చక్రం మూడేళ్ళలో మొదటిసారి పనిలోకి దిగింది. లారీ ఒక్క మూలుగు మూలిగి, రాళ్ళెక్కి, జాకీని తన్నేసి నడక మొదలుపెట్టింది. పక్కన నిలబడి తాడు సరిచేస్తున్న మాల్యాద్రి వెల్లకిలా పడ్డాడు. తాడు టైర్ల మధ్య ఇరుక్కుపోయింది. లారీ వెనక తాడు, తాడు వెనక వల బయలుదేరాయి.

"నా లారీ! ఆపండయ్యా!" అంటూ మాల్యాద్రి లేచి పరిగెత్తాడు.

కాకీ దిగిందన్న కబురు, లారీలో కుండలున్నాయన్న కబురు చిన్నపోలయ్యకు అప్పుడే అందాయి. అతనికి సంగతంతా అరటిపండు ఒలిచినట్టు అర్థమైంది.

"చూసినారా మాల్యాద్రి తెలివి! కుండల్ని తప్పిస్తా ఉండాడు. ఆ పరిగెత్తేదంతా నాటకం. మన తాడు వెనకబడితే వల చినుగుద్ది, మీరూ పరిగెత్తండి!"

ముప్పై మందీ తాడు భుజాన వేసుకుని లారీ పక్కన పరుగు లంకించుకున్నారు.

"ఆపండన్నా! పట్టుకోండి!" మాల్యాద్రి గొంతు చించుకున్నాడు.

"అట్టనే అరువబ్బయా, శానా బాగుండాది!" అని మెచ్చుకున్నాడు చిన్నపోలయ్య.

మాల్యాద్రి డ్రైవరు తలుపు అందుకున్నాడు. అది ఏడాదిగా తీగతో కట్టి ఉంది. అవతలి పక్కకు తిరిగి వచ్చేలోగా లారీ దిబ్బ మొదలుకు చేరింది. ఇక దిగబడుతుందని అతను కళ్ళు మూసుకున్నాడు. కుడి చక్రం ఇసుకలో జారింది. ఎడమ చక్రం పట్టింది. ఎడమది జారింది, కుడిది పట్టింది. లారీ తాపీగా, ఎవరూ తోయకుండా, వలను ఈడ్చుకుంటూ దిబ్బ ఎక్కుతోంది. మాల్యాద్రి పరిగెత్తడం మరిచిపోయి నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన లారీ అంత అందంగా ఉంటుందని అతనికి అంతవరకూ తెలియదు.

కంకర రోడ్డు అంచున పెద్ద కుదుపు వచ్చింది. యాక్సిలరేటరు మీది రాయి దొర్లిపోయి ఇంజను ఆగింది. కల్లుకుండలు రెండూ పగిలాయి. వెనకాల దిబ్బ మీద వల సంచిలో కానాగంతలు ఎగిరెగిరి పడుతున్నాయి. రోజూ లారీ తోయడానికి పట్టే గంటన్నర మొత్తం మిగిలిపోయింది.

అప్పుడు వచ్చాడు హజరత్తయ్య, పొట్ట పట్టుకుని, చేతిలో నాలుగో బోండాంతో.

"మాల్యాద్రీ... జాకీ మీద ఉండంగా... గేరు వెయ్యబాక!"

"సరే మేస్త్రీ," అన్నాడు మాల్యాద్రి వినయంగా.

అతను నిజంగానే మెకానిక్కని తేలాక కామమ్మ బోండాం వెనక్కి తీసుకుంది. పగిలిన గంగమ్మ కుండలకు బదులు మేస్త్రే తెచ్చివ్వాలంది.

గూడూరు స్టేషనులో పార్సెలు గుమాస్తా సంజీవరావు, మాల్యాద్రి అడుగుల చప్పుడు వినగానే, తలెత్తకుండా అలవాటుగా అన్నాడు: "వెళ్ళిపోయిందయ్యా. రేపు రా."

"ఇంకా రాలేదండీ."

సంజీవరావు గోడ గడియారం చూశాడు. పదింబావు. గడియారం ఆగిందేమోనని కుర్చీ ఎక్కి చెవి ఆనించి విన్నాడు. తర్వాత దిగి రసీదు రాశాడు. బుట్టలన్నీ మద్రాసు బండి ఎక్కాయి. మాల్యాద్రి బావమరిది ఇంటి ముందు నుంచే, హారను మోగించుకుంటూ తిరిగి వచ్చాడు.

సాయంత్రం పల్లెపాళెంలో అతను అందరినీ కూర్చోబెట్టి డిఫరెన్షియలు సంగతి వివరించాడు. హజరత్తయ్య చెప్పిన దానికన్నా ఎక్కువసేపే చెప్పాడు. చిన్నపోలయ్య ఓపికగా విని తలాడించాడు.

"అదంతా మాకెందుకులే మాల్యాద్రీ. మూడేళ్ళు నువ్వు తోలినావు, దినామూ ఇరుక్కున్నాది. ఇయ్యాల నువ్వు లేవు, పోయినాది. ఇంక ఆ దిబ్బ కాడ నువ్వు లారీ ఎక్కబాక."

మాల్యాద్రి ఎంత వాదించినా లాభం లేకపోయింది. ఆ తర్వాత లారీ ఎప్పుడూ దిబ్బలో ఆగలేదు, మాల్యాద్రి గేరు వేసి, యాక్సిలరేటరు మీద రాయి పెట్టి, దాని పక్కనే నడిచి వెళ్ళి రోడ్డు మీద ఎక్కేవాడు.