గట్టు తెగితేనే సాయం

రైతుకు వాన ముఖ్యమా, విత్తనం ముఖ్యమా అని ఇంకా వాదించుకునేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. రెండూ కాదండీ! రైతుకు ముఖ్యమైనది దరఖాస్తు ఫారం. ఇరవై రెండు పేజీలు, రెండు వైపులా ప్రింటు, మూడు కాపీలు.

నవ్వకండి. చుట్టుపక్కల ముప్ఫై కుటుంబాలకు ఫారాలు నింపిపెట్టే మనిషిని నేను. జీతం లేదు గానీ గౌరవం ఉంది. ఒకసారి నా చేతిరాత చూసి ఆఫీసు క్లర్కు లేచి నిలబడ్డాడు. లంచ్‌కి లేచాడని తర్వాత తెలిసింది. అయినా లేచాడు కదా!

నేల సంరక్షణ పథకం ఫారం మీరెప్పుడైనా చదివారా? కొండవాలు చేలల్లో మట్టి వానకు కొట్టుకుపోకుండా గట్లు వేసుకోవడానికి ప్రభుత్వం చేసే సాయం అది. అందులో తొమ్మిదో ప్రశ్న: చదరపు గజానికి వానపాములు ఎన్ని? కిందే హెచ్చరిక, సుమారుగా రాయరాదు. ఈ ఒక్క ప్రశ్న మా బావ జీవితాన్నే మార్చేసింది. పాతికేళ్ళుగా తన చేను దున్నుతున్నాడే, ఒక్క వానపామునైనా పలకరించాడా? ఇప్పుడు ఒక పూటంతా చేలో బోర్లా పడుకుని లెక్కపెట్టాడు. ఒకటే పాము మూడుసార్లు వచ్చిందేమోనని అనుమానం వచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళాడు. చివరికి నలభై ఒకటి అని తేల్చి, వాటిలో ఒకటి కాస్త మొహమాటస్థురాలని కూడా చెప్పాడు. ఇంత అనుబంధం ఏ ఎరువు పెంచగలదు?

ఇక క్యూ! క్యూలో నిలబడినంతసేపు రైతు చేలో అడుగుపెట్టడు. తొక్కడు, తవ్వడు, దున్నడు. నేలకి ఇంతకంటే సంరక్షణ ఏముంటుంది చెప్పండి? ఇదంతా కావాలనే ఏర్పాటు చేశారని నా గట్టి నమ్మకం. నాలుగో కౌంటర్ వాళ్ళు ఏడుకీ, ఏడో కౌంటర్ వాళ్ళు మేడ మీదకీ పంపడంలో ఎంత ముందుచూపుందో తొందరపడే జనానికి అర్థం కాదు.

మా అక్కకీ అర్థం కాలేదు.

అక్కకి పెళ్ళైన కొత్తలో ఆ చేనంతా రాయి. వాగు ఒడ్డు నుంచి తట్టలతో మట్టి మోసుకొచ్చి పరిచింది. బావ దిగువన గట్టు కట్టాడు. ఏటా గట్టు కొంచెం ఎత్తు చేశారు, ఏటా మట్టి కొంచెం మందమైంది. పోయినేడు పైన కొత్త రోడ్డు పడి, దాని నీళ్ళన్నీ వీళ్ళ చేలోకి మళ్ళాయి. గట్టు ఒక మూల కుంగింది. రాళ్ళు పేర్చి ఆ మూల గట్టి చెయ్యకపోతే చేను దక్కదని బావ దిగులు. అందుకే దరఖాస్తు.

అధికారి మంచివాడు. చేనంతా ఫోటోల్లో చూసి మెచ్చుకుని, నొచ్చుకుంటూ చెప్పాడు.

"చేను చక్కగా ఉంది పెద్దాయనా. చక్కగా ఉన్నదాన్ని ఏమని కాపాడమంటారు?"

వానకి మట్టి కోతపడిన చేలకే సాయమట. న్యాయమే! పక్క చేను బద్ధకం బాబాయిని చూడండి. ముప్ఫై ఏళ్ళలో ఒక్క తట్ట మట్టి ఎత్తినవాడు కాదు. ఆయన చేలో ఎద్దు దిగితే కొమ్ములు మాత్రం కనిపించేటంత గండి. ఆయనకి మొదటి విడతలోనే మంజూరైంది. ఎంత క్రమశిక్షణ ఉంటే అంత పాడుచెయ్యగలడు!

అప్పుడు నా బుర్ర పాదరసంలా పనిచేసింది. రెండు గజాలు గట్టు తెంపండి, ఫోటో తియ్యండి, సాయంత్రానికి పూడ్చేయండి అన్నాను. అక్క వద్దంది. నీకు రూల్స్ తెలియవక్కా అన్నాను. బావ నా మొహం చూశాడు, అక్క మొహం చూశాడు, పార తీసుకున్నాడు.

ఫోటో అద్భుతంగా వచ్చింది. రసీదు ఇంకా అద్భుతం: తనిఖీ అయ్యేవరకు స్థలంలో ఎలాంటి మార్పూ చేయరాదు, చేస్తే దరఖాస్తు రద్దు. తనిఖీ మూడు వారాలు ఆలస్యమైంది. అధికారి శిక్షణకి వెళ్ళాడట. రైతులకు సత్వర సేవలు అందించడం ఎలా అనేది అంశం. ఈలోగా అక్క రెండుసార్లు పార పట్టుకుని బయల్దేరింది. రెండుసార్లూ నేనే ఆపాను.

వానకి రసీదు చదవడం రాదు. ఒక మధ్యాహ్నం మొదలై మర్నాటిదాకా కురిసింది.

వాన వెలిశాక అధికారి జీపు వచ్చింది. దిగువ రోడ్డు మీద మోకాలి లోతు బురదలో దిగబడింది. అది బురద కాదు, మా అక్క చేను. ఆయన కిందికి దిగి, పైకి చూసి, మనస్ఫూర్తిగా సంతోషించాడు. ఇంత స్పష్టమైన కోత తన సర్వీసులోనే చూడలేదన్నాడు. జీపు బానెట్ మీదే సంతకం పెట్టేశాడు. చూశారా, పథకం గొప్పతనం!

నెల తిరిగేసరికి రాళ్ళ గట్టు లేచింది. నిటారుగా, దిట్టంగా, ఎంత వానొచ్చినా ఒక్క మట్టిబెడ్డ దాటిపోదు. దాటడానికి ఉంటే కదా. ఆఖరున పచ్చరంగు బోర్డు ఒకటి తెచ్చారు, ఈ నేల సంరక్షించబడినది అని. దాన్ని పాతడానికి గునపం వేస్తే ఖంగుమని రాయి తగిలింది. నాలుగుచోట్ల వేశారు, నాలుగుచోట్లా రాయే. బోర్డు నిలబడ్డానికి కాసింత మట్టి కావాలన్నారు.

బావ తల వంచుకుని గట్టు మీద కూర్చున్నాడు. అక్క తట్ట తీసుకుని రోడ్డుదాకా వెళ్ళి, పక్కకి ఎత్తిపోసిన కుప్పలోంచి తన మట్టి తనే నింపుకుని, ఎక్కి వచ్చింది. బోర్డు మొదట్లో పోసి కాలితో అదిమింది. పాతికేళ్ళ కిందట మొదటి తట్ట కూడా అలాగే పోసి ఉంటుంది. అప్పుడు మాత్రం పక్కన నాలాంటి తెలివైన తమ్ముడు లేడు.

అధికారి నా చేతికి ఆఖరి ఫారం ఇచ్చాడు. పథకం పూర్తయ్యాక చేను స్థితి. మళ్ళీ అవే ప్రశ్నలు. తొమ్మిదో దాని దగ్గర నా పెన్ను ఆగిపోయింది. అక్క నా భుజం మీంచి చూసింది.

"సున్నా అని రాయి తమ్ముడూ. సుమారుగా కాదు."

రాశాను. క్లర్కు ఇప్పటికీ ఆ ఫారం అందరికీ చూపిస్తాడట, సున్నా ఎంత గుండ్రంగా ఉందో చూడమని.