తల్లి వైపు లోపం

రమణబాబు ఆఫీసు లిఫ్టులో ఏడ్చాడు. లిఫ్టులో ఏడవరాదని కంపెనీ నిబంధనల్లో ఎక్కడా లేదు గనుక చర్య తీసుకోవడం ఎవరి తరమూ కాలేదు.

ప్యారడైజ్ దగ్గరి ఆ అద్దాల మేడలో, అమెరికా నిద్రలేచే వేళకు పనిలో కూర్చుని, అది పడుకున్నాక లేవడం కొన్నేళ్లుగా అతని అదృష్టం. ఆ అదృష్టాన్ని చుట్టాలంతా మెచ్చుకునేవారు. మెట్లెక్కితే కాళ్లు వణకడం, అన్నం ముందు కూర్చుంటే ఏడుపు రావడం మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు.

“జెర కూసోండి సార్, గింత పరేషాన్ ఎందుకు?” అంటూ గేటు దగ్గరి వీరయ్య మంచినీళ్లిచ్చాడు. ఆ ఏడాది కంపెనీ ఆవరణలో జరిగిన ఏకైక ఆరోగ్య కార్యక్రమం అదే.

మారేడ్‌పల్లిలో డాక్టర్ శ్రీలలిత ఓపిగ్గా చెప్పింది. “మన కణాల్లో మైటోకాండ్రియా ఉంటాయి. తిన్నదాన్ని శక్తిగా మార్చేవి అవే. ఏళ్ల తరబడి ఒత్తిడి పడితే అవి దెబ్బతినొచ్చు. అవి నీరసిస్తే చిన్న చికాకునైనా ఒళ్లు తట్టుకోలేదు, మనసూ కుంగుతుంది. మీ విషయంలో ఇదేనని ఖాయంగా చెప్పలేను. మందులిస్తాను గానీ, ముందు మీకు నిద్ర కావాలి. సెలవు పెట్టండి.”

రమణబాబు ఈ మాటలన్నీ ఆఫీసులో చెప్పాడు. సెలవు అన్న ముక్క తప్ప మిగతాదంతా మానవ వనరుల అధిపతి పద్మనాభానికి తెగ నచ్చింది. ఆయన స్వయంగా ఇంటర్నెట్టు గాలించి ఒక మహత్తర సత్యం కనిపెట్టాడు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తాయట! వెంటనే సిబ్బంది సభ ఏర్పాటై, రమణబాబు తల్లి అమ్మన్నమ్మకు ఆహ్వానం వెళ్లింది. వేదిక మీద ఆమెకు శాలువా కప్పి, పద్మనాభం మైకందుకున్నాడు.

“మిత్రులారా! ఉద్యోగి చర్మం వరకూ మన సంస్థదే పూర్తి బాధ్యత. కుర్చీ మెత్తగా ఉందా, ఏసీ చల్లగా ఉందా, మనం చూస్తాం. చర్మం లోపలిది ఆయన సొంత వ్యవహారం. ఈ లోపం తల్లిగారి వైపు నుంచి వచ్చింది. అయినా, ఆ తల్లిని మన సంస్థ పెద్ద మనసుతో క్షమిస్తోంది!”

చప్పట్లు మోగాయి. అలవాటు కొద్దీ రమణబాబు కూడా కొట్టాడు. అమ్మ ముఖం చూశాక అతని చేతులు ఆగిపోయాయి.

అమ్మన్నమ్మ శాలువా తీసి బల్ల మీద పెట్టింది. “నాకు సదువు లేదు బాబూ. ఆడికి నానేటిచ్చినానో నాకు తెల్దు. మీకాడ సేరిన కొత్తలో ఆడు పరిగెట్టి మేడలెక్కీవోడు. నానిచ్చినవి అప్పుడు బాగానే ఉన్నాయి కదా? మరి మీరేటి సేసినారు?”

సమయాభావం వల్ల ప్రశ్నలు స్వీకరించడం లేదని ప్రకటించి, పద్మనాభం అందరినీ టీకి ఆహ్వానించాడు. రమణబాబు అమ్మ చెయ్యి పట్టుకుని ఎండలోకి నడిచాడు. మళ్లీ ఆ మేడ ఎక్కలేదు. కాప్రాలోని ఇంట్లో కరువుతీరా నిద్రపోయాడు. కొన్ని నెలలకు, పప్పులో ఉప్పు తక్కువైందని అతను విసుక్కున్న రోజున అమ్మన్నమ్మ సంతోషం పట్టలేక కళ్లు తుడుచుకుంది.

కంపెనీ కూడా గుణపాఠం నేర్చుకుంది. ఇకపై అభ్యర్థులతో పాటు వాళ్ల తల్లులకూ ఇంటర్వ్యూ ఉంటుందని ప్రకటించింది. నగరంలో ఎవరికీ ఇందులో అభ్యంతరం కనిపించలేదు.

ఎదురింటి లీలాకుమారి కమలాపళ్లు పట్టుకుని పరామర్శకు వచ్చింది. రమణబాబు పడ్డ కష్టమంతా విని నిజంగానే కంటతడి పెట్టుకుంది. తరవాత కుర్చీ దగ్గరకు జరుపుకుని గొంతు తగ్గించింది.

“వదినగారూ, మీవాడు వదిలేసిన సీటు ఇంకా ఖాళీగానే ఉందట. మా అబ్బాయి సత్యదేవ్ కోసం రేపు నేను ఇంటర్వ్యూకి వెళ్తున్నాను. ఏ చీర కట్టుకుంటే వాళ్లకి నచ్చుతానంటారు?”