గ్రీకు తుమ్ము

ఆ ఆదివారం పొద్దున్న సూర్యారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు నీలిమను స్కూటరెక్కించుకుని పది గంటలలోగా దుర్గ్‌లో క్విజ్ ఫైనల్ జరిగే హాలు దగ్గర దింపాలి, అంతే. తామున్న స్టీలు టౌన్ సెక్టర్ 4 నుంచి దుర్గ్ ఎంతో దూరం కాదు, కళ్లు మూసుకుని వెళ్లిపోవచ్చు. చిక్కల్లా ఏమిటంటే సూర్యారావు కళ్లు బాగా తెరుచుకుని బయల్దేరే మనిషి. ఎదురెవరొచ్చారు, బల్లి ఎటు పలికింది, పిల్లి ఎటు పోయింది, ఇవన్నీ చూసుకుంటేగాని గడప దాటడు. ఫ్యాక్టరీలో రైలుపట్టాలు వంకర లేకుండా చూడడం ఆయన ఉద్యోగం. శకునాల్లోనూ అంతే పట్టింపు.

పోయినేడు ఇదే క్విజ్ ఫైనల్‌కి బయల్దేరితే పిల్లి ఎదురైంది. ఆయన ఆగాడు. వెనక్కొచ్చి కాళ్లు కడుక్కుని మళ్లీ బయల్దేరేసరికి అక్కడ తలుపులు మూసేశారు. నీలిమ వారం రోజులు తండ్రితో మాట్లాడలేదు. తప్పనిసరై మాట్లాడవలసి వస్తే బయటివాళ్లతో మాట్లాడే హిందీలో మాట్లాడింది. కన్నకూతురు "ఆప్ ఖానా ఖా లీజియే" అని మర్యాదగా భోజనానికి పిలుస్తుంటే ఆయనకు అన్నం గొంతు దిగలేదు. అందుకే ఈసారి ఏ శకునమూ చూడనని సింహాద్రి అప్పన్న మీద ఒట్టేశాడు.

ఈ ఏడు క్విజ్‌లో ఇచ్చిన అంశం ప్రాచీన గ్రీకుల, రోమన్ల దేవుళ్లు, నమ్మకాలు. నీలిమ లైబ్రరీ పుస్తకాన్ని నమిలి మింగేసింది. ఆమె గెలుస్తుందని ఫ్యాక్టరీలో సూర్యారావు అప్పుడే అందరికీ చెప్పేశాడు.

కూతురు ముందు నడిచింది. ఆయన కుడికాలు గడప దాటించాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లో ఉప్మా పోపులో ఎండుమిరపకాయలు మాడాయి. భార్య భాగ్యరేఖ క్వార్టరు కిటికీలు అదిరేలా తుమ్మింది.

సూర్యారావు కాలు వెనక్కి తీసుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"నాన్నా! ఒట్టేసినావు కదా!" నీలిమ గొల్లుమంది.

"శకునాలు సూడనని ఒట్టేసినానమ్మా. తుమ్ము సూసేది కాదు, ఇనేది. కాసిన్ని మంచినీళ్లు తాగి ఎల్దుం."

"పోపు మాడితే తుమ్మరేటండీ?" టిఫిను డబ్బాతో బయటికొచ్చింది భాగ్యరేఖ. "తుమ్మింది నేను గాని, మీ ఉద్యోగం గాదు, దాని క్విజ్జూ గాదు."

నీలిమకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "నాన్నా, గ్రీకుల్లో తుమ్ము శుభం, తెలుసా?"

"గ్రీకులా? అదేటి కులమే?"

"కులం కాదు నాన్నా, పాతకాలం దేశంవాళ్లు. ఒకసారి వాళ్ల సేనాపతి సైనికులకి ధైర్యం చెప్తా ఉంటే ఎవడో తుమ్మాడు. బస్, సైన్యం మొత్తం ఒక్కసారే దణ్ణం పెట్టేసింది. జ్యూస్ పంపిన శకునమని."

"జ్యూసేటి? నిమ్మకాయదా?"

"దేవుళ్లకి రాజు నాన్నా. పిడుగులు వేస్తాడు. మన ఇంద్రుడనుకో."

"ఇంద్రుడైతే మనోడే." సూర్యారావు లేచాడు. అచ్చులో పడిన మాటంటే ఆయనకు మహా గురి. నీలిమ ఆనందంగా స్కూటరు దగ్గరికి పరుగెత్తింది. కథ ఇక్కడితో ముగిసిపోవలసిందే. కానీ స్కూటరు తాళం తిప్పబోతూ ఆయన ఒక ప్రశ్న అడిగాడు.

"మరి ఆలు బయల్దేరేముందు ఇంకేటి సూసేవోరు?"

క్విజ్ పిల్లల జబ్బు ఒకటుంది. ప్రశ్న వినబడితే జవాబు ఆగదు. "రోమన్లు కోళ్లని చూసేవాళ్లు," అనేసి నీలిమ నాలిక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆయన మిగతాదంతా లాగాడు. కోళ్లకు గింజలు వేస్తారట. ఆత్రంగా తింటే శుభమట. ముక్కుల్లోంచి గింజలు రాలేలా తింటే మహాశుభమట. తినకపోతే యుద్ధమే మానుకుంటారట.

"తినకపోయినా ఎవుడైనా ఎల్లినాడా?"

"ఒక సేనాపతి వెళ్లాడు. తినకపోతే తాగండని కోళ్లని సముద్రంలో పడేయించాడు."

"నెగ్గినాడా?"

అబద్ధమాడే అలవాటు లేని పిల్ల నేల చూసింది. "ఓడల్లో ముప్పావు వంతు పోగొట్టుకున్నాడు."

సూర్యారావు వీధి చివరికేసి చూశాడు. "మన అచ్చమ్మత్త కోళ్లు దార్లోనే కదా. ఒక్కసారి సూసి ఎల్లిపోదుం."

"ఒట్టు నాన్నా, ఒట్టు!"

"మన శకునాలకే ఒట్టు. ఇవి మనవి కావు కదే!"

అచ్చమ్మ వరస చివరి క్వార్టర్లో ఉంటుంది. పెరట్లో కోళ్లను పెంచుతూ గుడ్లు ఆ వీధివాళ్లకే అమ్ముతుంది. అప్పుడే వాటికి కడుపునిండా తిండి పెట్టి చెయ్యి కడుక్కుంటోంది. సూర్యారావు చేతులు జోడించి కోళ్ల ముందు నిలబడడం చూసి, ఏ మొక్కుకో కోడి కావాలని వచ్చాడనుకుని బలిసిన పెట్టను చీరకొంగు చాటుకు లాక్కుంది.

"ఇది ఇవ్వను బాబూ. గుడ్లు పెడతన్నాది."

"కోడొద్దత్తా. గుప్పెడు నూకలెయ్యి."

వేసింది. నిండిన కడుపులతో కోళ్లు ఆ నూకలకేసి చూసి, ముఖాలు పక్కకు తిప్పుకున్నాయి. సూర్యారావు తల పట్టుకున్నాడు. "తిన్లేదు! అయిపోయింది! కోళ్లు తిన్లేదు!"

"ఓరి నాయనో! నా కోళ్లకేటయింది? తెగులేటి?" అచ్చమ్మ గుండెలు బాదుకుంది.

ఆ మాట పక్కింటి గోడ మీంచి మనోజ్‌కుమార్ చెవిలో పడింది. అతను అచ్చమ్మ గుడ్లతోనే ఆమ్లెట్టు వేసుకుని మూతి తుడుచుకుంటున్నాడు. తెగులు అనే మాట వినగానే అతని కడుపులో ఏదో కదిలింది. గోడ దూకి వచ్చి, స్కూటరు వెనకసీటు ఎక్కి కూర్చున్నాడు.

"సూర్యారావు భయ్యా, ఆస్పత్రికి పోనీ! రెండు గుడ్లు తినీసినాను!"

వీధి వీధంతా బయటికొచ్చింది. ఒకావిడ ఉడుకుతున్న గుడ్లను గిన్నెతో సహా తెచ్చి కాలవలో పారబోసింది. ఇంకొకావిడ పిల్లలందరినీ నోళ్లు తెరవమంది. కోళ్లకు జబ్బని ఒకరు, మనోజ్‌కుమార్‌కు విషమెక్కిందని ఒకరు, సూర్యారావు ఆరోగ్యశాఖ మనిషని కొత్తగా వచ్చినవారొకరు. ఈ గోలలో నీలిమ ఒక్కతే గడియారం చూసుకుంటోంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

సూర్యారావు ఆ ముఖం చూశాడు. పోయినేడు మూసిన తలుపు ముందు చూసిన ముఖం అదే. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"దిగు మనోజూ. పిల్లని దింపి వచ్చి నిన్ను తీసుకెల్తాను."

"పానం పోతంటే దిగమంటావేటి భయ్యా!"

నీలిమ అతని చొక్కా పట్టుకుని లాగింది. అతను హ్యాండిల్ పట్టుకున్నాడు. స్కూటరు ఊగింది. కొక్కేనికి వేలాడుతున్న టిఫిను డబ్బా కిందపడి మూత ఊడి, జీడిపప్పుతో సహా ఉప్మా అంతా నేలపాలైంది.

నూకలను కాదన్న కోళ్లు భాగ్యరేఖ ఉప్మాను కాదనలేకపోయాయి. ఒకదాని మీంచి ఒకటి దూకాయి. కొంగు చాటు పెట్ట కూడా విదిలించుకుని ఉరికింది. ముక్కుల్లో పట్టినంత పట్టి, పట్టనిది చుట్టూ రాల్చాయి.

"నాన్నా, దేఖో దేఖో! ముక్కుల్లోంచి రాలుతోంది!" నీలిమ ఎగిరి గంతేసింది. "ట్రిపూడియం! రోమన్లకి దీన్ని మించిన శకునం లేదు!"

"తింటన్నాయి! నా తల్లులు తింటన్నాయి!" అచ్చమ్మ ఆనందబాష్పాలు తుడుచుకుంది.

కోళ్లకు తెగులు లేదని తేలగానే మనోజ్‌కుమార్ కడుపునొప్పి కూడా తగ్గింది. హుందాగా స్కూటరు దిగి, డబ్బాలో ఇంకేమైనా మిగిలిందా అని చూశాడు.

సూర్యారావు అంత వేగంగా స్కూటరు నడపడం అదే మొదలు. మహాశకునం వెనక ఉండగా మనిషికి భయమేమిటి? తండ్రీ కూతుళ్లిద్దరూ దారిపొడుగునా నవ్వుతూనే ఉన్నారు. దుర్గ్ దగ్గరపడుతుండగా కల్వర్టు ముందు ఒక తెల్ల అంబాసిడర్ ఆగి ఉంది. దాని వెనక రెండు లారీలు, నాలుగు రిక్షాలు.

"బిల్లీ రాస్తా కాట్ గయీ," అన్నాడు కారు డ్రైవరు. పిల్లి అడ్డంగా పోయిందట. ఎవరైనా ముందు దాటితే తాను దాటుదామని చూస్తున్నాడు. ఆ ఎవరైనా తాము కావాలని లారీలవాళ్లకూ లేదు, రిక్షాలవాళ్లకూ లేదు.

సూర్యారావు కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది. వెనక నీలిమ తండ్రి చొక్కాను గట్టిగా పట్టుకుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"కిధర్ సే ఆయీ?"

"బాయేఁ సే."

"నీలీ, ఎడం పక్కనించి వస్తే రోమన్లకేటి?"

"శుభం!" అని అరిచింది నీలిమ.

"రోమన్లకి శుభమే!" అని లారీలకు వినబడేలా చెప్పి సూర్యారావు దాటేశాడు. వెనక అంబాసిడర్ కదిలింది. దాని కిటికీలోంచి ఒక నెరిసిన తల తొంగిచూసింది.

కొంత దూరం పోయాక ఆయనకు అనుమానం వచ్చింది. "నీలీ, పుస్తకంలో పిల్లుల సంగతి ఉన్నాదేటి?"

"పక్షులు, మెరుపుల సంగతి ఉంది నాన్నా. పిల్లుల గురించి లేదు."

కానీ అప్పటికి కల్వర్టు వెనకబడిపోయింది.

హాలు చేరేసరికి పది దాటింది. అయితే తలుపులు తెరిచే ఉన్నాయి. ముఖ్య అతిథి రాలేదని, ఆయన రానిదే మొదలుపెట్టరని గేటు దగ్గర చెప్పారు. మాట పూర్తికాకముందే తెల్ల అంబాసిడర్ వచ్చి ఆగింది. అందులోంచి రమాకాంత్ గారు దిగారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన పెద్దమనిషి. ఆయన ప్రసంగం మూఢనమ్మకాల మీద.

"పక్షి ఎటు ఎగిరిందో చూసి సైన్యాలను ఆపుకున్న అమాయకులు వాళ్లు. మనం ఆ దశ ఎప్పుడో దాటాం," అంటూ సభ వైపు చూసిన ఆయనకు మూడో వరసలో సూర్యారావు కనిపించాడు. ఆయన గ్లాసెడు నీళ్లు తాగి ప్రసంగం ముగించారు. అందరికంటే గట్టిగా సూర్యారావే చప్పట్లు కొట్టాడు.

చివరికి నీలిమ, లావు కళ్లద్దాల కుర్రాడు సమానంగా నిలిచారు. ఒక్క ప్రశ్న మిగిలింది. ముందు బజర్ నొక్కినవారిదే అవకాశం.

"గ్రీకుల కమ్మరి దేవుడు హెఫైస్టస్‌ను రోమన్లు..."

స్టీలు టౌన్లో పుట్టిన పిల్లకు కమ్మరి దేవుడి పేరు తెలియకపోవడమా? నీలిమ చెయ్యి బజర్ మీదికి దూకింది. సరిగ్గా ఆ క్షణాన ఫ్యాను గాలికి హాలు తెర కదిలి సూర్యారావు ముక్కులో ఏదో రగిలింది. రుమాలు అడ్డం పెట్టుకున్నాడు, ఊపిరి బిగబట్టాడు, అప్పన్నను తలుచుకున్నాడు. ఏదీ పనిచెయ్యలేదు. హాలు దద్దరిల్లేలా తుమ్మాడు.

నీలిమ చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆమె ఆపలేదు. పుట్టిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో తుమ్ముకు ఆగి ఆగి అలవాటైపోయిన చెయ్యి అది. కళ్లద్దాల కుర్రాడు టక్కున బజర్ నొక్కి "వల్కన్!" అన్నాడు. సూర్యారావుకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. కూతురు గెలుపును సొంత ముక్కుతో ఎగరగొట్టాడు. ఈసారి వారం కాదు, జన్మంతా హిందీయే.

"ప్రశ్న పూర్తి కాలేదు బాబూ," అన్నారు ప్రశ్నలడిగే మేడమ్. "హెఫైస్టస్‌ను రోమన్లు వల్కన్ అన్నారు. ఆయన భార్య అఫ్రొడైటీని ఏమన్నారు? నీ జవాబు తప్పు. నీలిమా?"

"వీనస్," అంది నీలిమ. తుమ్మే రాకపోతే తానూ వల్కనే అనేదాన్నని ఆమె ముఖంలో స్పష్టంగా కనబడుతోంది.

కప్పు అందిస్తూ రమాకాంత్ గారు ఆమె చెవిలో మెల్లగా అడిగారు. "పిల్లి ఎడమ నుంచి వస్తే మంచిదని ఏ పుస్తకంలో ఉందమ్మా?"

స్కూటరు మీద కప్పు పట్టుకుని కూర్చున్న నీలిమ ఇంటిదాకా తెలుగులోనే దెబ్బలాడింది. తుమ్ము శుభమని గ్రీకులు ఎప్పుడో చెప్పారని ఆమె వాదన. తుమ్ముకు ఆగింది కాబట్టే నెగ్గిందని, మన పెద్దల మాట వమ్ము కాలేదని ఆయన వాదన. గేటు దగ్గర భాగ్యరేఖ, వెనక అచ్చమ్మ, మనోజ్‌కుమార్ కప్పు కోసం చేతులు చాచేదాకా తగువు తెగలేదు.

ఆ హాలు తెరలు దులిపి ఏడాదయిందన్న సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.