ఎండలో పెట్టిన మిషన్

ఆ ఉదయం వేసుకున్న పథకం వినడానికి చాలా తేలిక. భోజనాల వేళకల్లా ఒక పెద్ద కుట్టు మిషన్ కొని ఇంటికి తేవాలి. సాయంత్రం దుకాణం మేడమ్ వచ్చేసరికి అది ఎన్నో ఏళ్లుగా ఇంటి హాల్లోనే పడి ఉన్నట్టు కనిపించాలి.

ఇలాంటి పథకం అవసరపడిందంటే దానికి కారణం సంచులాయన నోరే. వీధిలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. తోలు సంచులు కుట్టడం అతని పని. రెండు సూదులు పట్టుకుని, ఒక్కో రంధ్రంలోంచి ఇటొకటి అటొకటి దూర్చి, మైనం పట్టించిన దారాన్ని బిగలాగి కుడతాడు. ఆ కుట్టు గీత గీసినంత తిన్నగా ఉంటుంది. అలా లాగీ లాగీ కుడిచేతి బొటనవేలు పాడైపోయింది. ఈమధ్య చొక్కా గుండీ పెట్టుకోవడానికి కూడా అది మొరాయిస్తోంది.

బజారులో పెద్ద సంచుల దుకాణం నడిపే మేడమ్ కిందటి వారం అతని సంచినొకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "కుట్టు భలే ఉందండీ. మిషనేగా? చేతికుట్టయితే మాత్రం నాకొద్దు. అంతా వంకర టింకర" అంది. ఏడాది పొడుగునా పని దొరికే ఆర్డరు ఎదురుగా నిలబడి పలకరిస్తుంటే నిజం చెప్పేంత గుండె సంచులాయనకు లేదు. "మిషనేనండీ! ఇంత పెద్ద మిషన్!" అని రెండు చేతులూ బార్లా చాపి చూపించాడు. "అయితే ఒకసారి వచ్చి చూసి ఆర్డరిస్తా" అంది మేడమ్. చాపిన చేతులు దించుకోవడం కాసేపు అతనికి గుర్తు రాలేదు.

అందుకే ఆ పొద్దున బావమరిది తన వ్యాను తెచ్చాడు. భార్య కూడా చేతిసంచి భుజానికి తగిలించుకుని ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకే?" అన్నాడు సంచులాయన.

"మీరొక్కరే వెళ్తే కొనరు గనక. ఏ ఫ్యాను మంచిదో మీరు తేల్చేలోపు ఎండాకాలం వెళ్లిపోయింది, మర్చిపోయారా?"

అతను మర్చిపోలేదు. ఆ విషయం మర్చిపోనివ్వడం ఆవిడ అలవాటు కాదు.

మిషన్ల దుకాణంలో సంచులాయనకు ఊపిరాడలేదు. బల్లలా చదునుగా ఉన్నది బెల్టులకట. చెయ్యి చాచినట్టు ముందుకు పొడుచుకొచ్చింది సంచులకట. స్తంభంలా నిలబడ్డది బూట్లకట. అతను మూడింటి చుట్టూ తిరిగాడు. ఒకదాన్ని తట్టాడు, ఒకదాన్ని వాసన చూశాడు. "ఒకవేళ రేపెప్పుడైనా నేను బూట్లు కుట్టాల్సొస్తే?" అన్నాడు గడ్డం గోక్కుంటూ.

"రేపటి సంగతి రేపు. సాయంత్రం మేడమ్ వస్తోంది" అని భార్య చెయ్యి చాచిన మిషన్ వైపు వేలు చూపించింది. ఆరు నెలలు సాగాల్సిన పరిశోధన అక్కడితో ముగిసింది.

అయితే దుకాణదారుడికి ఒక పట్టుదల ఉంది. "నా దగ్గర పనికిరాని ముక్కల మీద కుట్టి చూపించడం ఉండదండీ. మీ సరుకు మీరే కుట్టి చూసుకోండి. తర్వాత నన్ను అనకూడదు."

కుట్టి చూడ్డానికని రాత్రే మూటకట్టి పెట్టుకున్న తోలు ముక్కలు ఇంట్లో బల్ల మీద భద్రంగా ఉన్నాయి. సంచులాయన దిక్కులు చూశాడు. ఆ చూపు తిరిగి తిరిగి భార్య భుజం మీద ఆగింది.

"అలా చూడకండి" అంది ఆవిడ సంచిని దగ్గరకు లాక్కుంటూ.

అది పెళ్లయిన కొత్తలో అతను తన చేత్తో కుట్టిచ్చిన సంచి. అంత శ్రద్ధగా ఆ తర్వాత దేన్నీ కుట్టలేదని ఆవిడ నమ్మకం. నిజం కూడా అదే.

"మూత అంచు మీద ఒక్క నాలుగు కుట్లు. ఎవరికీ కనపడవు" అని బతిమాలి సంచి తీసుకుని మిషన్ ముందు కూర్చున్నాడు. దుకాణదారుడు "ఆగండాగండి, కింది దారం బిగింపు ఇంకా సరిచెయ్యలేదు" అంటూనే ఉన్నాడు. సంచులాయన కాలు అప్పటికే పెడల్ మీద పడింది.

మిషన్ ఒక్కసారి గర్జించి పరుగందుకుంది. అతను హడలిపోయాడు. హడలిపోయిన మనిషి బండి ఆపడానికి ఏం చేస్తాడో అదే చేశాడు, కాలు ఇంకా గట్టిగా తొక్కాడు. అది బ్రేకు కాదని తెలిసేసరికి సూది ఈ కొస నుంచి ఆ కొసదాకా వెళ్లిపోయింది. సంచి మూత, దాని కింద ముందు పట్టీ, లోపలి అస్తరు, అన్నీ కలిసి ఒక్కటైపోయాయి.

"చూశారా, ఎంత మందమైనా ఇట్టే పోతుంది" అన్నాడు దుకాణదారుడు.

"ఏమండీ, అందులో నా ఫోనుంది" అంది భార్య. ఆవిడ గొంతులో కోపం ఇంకా మొదలవ్వలేదు, అదే అతనికి భయంగా ఉంది.

బావమరిది కత్తెర అందుకున్నాడు. "ఇలా ఇవ్వు బావా, చటుక్కున కోసిపారేస్తా."

"ముట్టుకోకు! తోలు గీరుకుపోతుంది. ఇంట్లో నా సన్న బ్లేడుంది. వెళ్లగానే పువ్వులా విప్పి ఇస్తాను."

దారి పొడుగునా సంచిలో ఫోను మోగుతూనే ఉంది. ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఏడ్చే పిల్లని సముదాయించినట్టు పైనుంచి తట్టింది. సంచుల పని కోసం అచ్చేయించిన కార్డు మీద ఉన్న నంబరు ఆవిడదే. సంచులాయన ఫోనెత్తితే ఏం ఒప్పుకుంటాడో చెప్పలేమని ఇంట్లో అలా ఏర్పాటు చేసుకున్నారు.

ఇంటిముందు బావమరిది ఆయాసపడుతూ మిషన్ని దించి, సరిగ్గా గుమ్మానికి అడ్డంగా నిలబెట్టాడు. "తాళం తియ్యక్కా" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది ముగ్గురికీ. తాళంచెవి సంచిలో ఉంది. సంచి విప్పే బ్లేడు ఇంట్లో ఉంది. ఇల్లు తాళంలో ఉంది.

"ఇప్పుడు కోసిపారెయ్యనా?" అన్నాడు బావమరిది.

సంచులాయన నోరు తెరిచేలోపు వీధి మలుపులో కారు ఆగింది. మేడమ్ దిగింది.

"ఇందాకటినుంచీ ఫోన్ చేస్తున్నా, తీయరేంటండీ? సాయంత్రం తీరిక ఉండదని ముందే వచ్చేశా" అంటూ మిషన్ని చూసి ఆగింది. "ఇదేంటి, వీధిలో పెట్టారు?"

సంచులాయన ఆర్డరు పోయిందనే అనుకున్నాడు. భార్య తడుముకోలేదు. "నెలకోసారి ఎండలో పెడతామండీ. ఇనుముకి మంచిది" అంది.

"ధర చీటీ ఇంకా వేలాడుతోందే?"

"అంత జాగ్రత్తగా వాడతారండీ ఈయన."

మేడమ్ అనుమానంగా చూస్తూ, నంబరు సరైనదో కాదో తేల్చుకుందామని మళ్లీ ఫోన్ నొక్కింది. భార్య చంకలో సంచి మోగింది. అందరూ సంచిని చూశారు. ఇక దాచడానికి లేకపోయింది. "సంచి నోరు పొరపాటున కుట్టేశామండీ. తాళంచెవి లోపలే ఉండిపోయింది" అన్నాడు సంచులాయన. మేడమ్‌కి అతను చెప్పిన మొదటి నిజం అది.

బావమరిది వ్యానులోంచి చాకు తెచ్చాడు. మూత జోలికి పోతే బావ అరుస్తాడని పక్క కుట్టు మీద పడ్డాడు. ఒక కుట్టు కోసి లాగాడు. కదల్లేదు. ఇంకోటి కోసి, కాలు గోడకు తన్నిపెట్టి లాగాడు. మొహం ఎర్రబడింది గానీ కుట్టు ఊడలేదు. పెళ్లయిన కొత్తలో రెండు సూదులతో వేసిన కుట్టది. సంచులాయనకు గర్వంతో కళ్లు చెమర్చాయి, ఇల్లు తాళంలో ఉన్న సంగతి కాసేపు మర్చిపోయాడు.

మేడమ్ ఓపిక పట్టలేక తన పర్సులోంచి చిన్న కత్తెర తీసింది. మూత మీద ఒక్క కుట్టు కత్తిరించి దారం కొస పట్టి లాగింది. బిగింపు సరిచెయ్యని కుట్టు సర్రున ఈ చివర నుంచి ఆ చివరకు ఊడి చేతికొచ్చింది. సంచి నోరు తెరుచుకుంది, తాళంచెవి బయటపడింది.

మేడమ్ ఆ దారాన్ని ఒక చేత్తో, సంచి పక్కని ఇంకో చేత్తో పట్టుకుని పరీక్షగా చూసింది. తల పంకించింది.

"చూశారా! చేతికుట్టంటే నాకందుకే పడదు. లాగితే ఊడొచ్చింది. అదే మిషన్ కుట్టు చూడండి, చాకుతో కోసినా చెక్కు చెదర్లేదు. పొరపాటున అన్నారు గానీ, ఈ మూత మీరు చేత్తో కుట్టిందేగా?"

సంచులాయన నోరు తెరిచాడు. భార్య అతని కాలు తొక్కింది. ఈసారి అది నిజంగానే బ్రేకులా పనిచేసింది.

"అవునండీ, ఏదో సరదాకి..." అన్నాడు.

"ఆ సరదాలొద్దు. ఆర్డరు మీదే. ప్రతి సంచీ ఈ పక్క కుట్టులాగే రావాలి. ఒక్క చేతికుట్టు కనిపించినా తిప్పి పంపిస్తా. నేనే వచ్చి ఒక కుట్టు కోసి లాగి చూస్తా" అని మేడమ్ మిషన్ని ఆప్యాయంగా తట్టి కారెక్కింది.

ఆ తర్వాత సంచులాయన మిషన్ నేర్చుకోకపోలేదు. బిగింపు సరిచేయించి, కాలు అదుపులో పెట్టుకుని, ఒక సంచి నిజాయితీగా దాని మీదే కుట్టాడు. మేడమ్ ఒక కుట్టు కోసి గట్టిగా లాగింది. కాస్త బిగిసినా చివరికి ఊడింది. "మళ్లీ చేత్తో కుట్టారా? నన్ను మోసం చెయ్యలేరు" అని తిప్పి ఇచ్చేసింది.

ఇప్పుడతను వెనక గదిలో తలుపేసుకుని, బొటనవేలికి గుడ్డ చుట్టుకుని, మునుపటికి రెండింతలు పని చేత్తో చేస్తున్నాడు. కారు చప్పుడు వినపడగానే భార్య హాల్లో మిషన్ ముందు కూర్చుని పెడల్ తొక్కుతుంది. గుమ్మంలోనే ఆ మోత విని మేడమ్ మురిసిపోతుంది. దాని మీద తయారై ఇంతవరకు మేడమ్‌కి నచ్చిన సరుకల్లా ఆ మోతే.