నూతిమందు చీర

ఆ రోజు చౌడయ్యకున్న పని చాలా చిన్నది. నేసిన చీరకు గంజి పెట్టి, ఆరవేసి, మడతపెట్టి, మధ్యాహ్నం నూలాఫీసరు వచ్చినప్పుడు అరుగు మీద పరిచి చూపించాలి. అంతే. ఇంత చిన్న పనిలో కూడా వేలు పెట్టి పాడుచేసుకోవచ్చునని పటమట నేతగాళ్ళ వీధిలో అప్పటికి ఎవరికీ తెలియదు.

యుద్ధం రోజులు. నూలు మీద కంట్రోలు ఉంది. ఎవరి మగ్గం నిజంగా ఆడుతోందో చూసి, నేసిన గుడ్డను రెండు చేతులా పట్టుకుని గట్టిగా లాగి, ఆ తర్వాతే కోటా చీటీ రాసేవాడు ఆఫీసరు వెంకటప్పయ్య. ఆయన లాగుడుకు ఆగని గుడ్డ నేసినవాడికి నూలు లేదు. ఎవరిచేతనైనా ఒక మాట చెప్పించుకుందామంటే ఆయన ఎవరి మాటా వినే రకం కాదు. చౌడయ్య ఇంట్లో ఉన్న నూలంతా ఆ ఒక్క చీరతో అయిపోయింది. కోటా రాకపోతే మగ్గం ఆగిపోతుంది, ఆ వెనకాలే పొయ్యి ఆరిపోతుంది. ఈ సంగతి చౌడయ్యకు తెలుసు. ఆయన భార్య హనుమాయమ్మకు ఇంకా బాగా తెలుసు.

చీర మాత్రం దివ్యంగా కుదిరింది. ఉన్న లోపమల్లా అది తెల్లగా ఉండటమే. తెల్ల చీరకు కోటా ఇవ్వరని ఎవరూ అనలేదు. కానీ కిందటి వారం నేతగాళ్ళ సొసైటీలో పక్కింటి జక్కయ్య తన ఎర్ర చీర విప్పి చూపించి గొప్పలు పోతుంటే చౌడయ్య ఉండబట్టలేక, "ఆఫీసరొచ్చేనాటికి వంకాయపువ్వు రంగు చీర చూపించకపోతే నా పేరు చౌడయ్యే కాదు" అనేశాడు. యుద్ధం వల్ల జర్మనీ రంగులు రావటం మానేశాయన్న సంగతి అనేశాక గుర్తుకొచ్చింది. బెజవాడలో రంగుల కొట్లన్నీ కాళ్ళరిగేలా తిరిగాడు. ఒక కొట్టాయన జాలిపడి, రంగైతే లేదు గాని పక్క సందులో వంకాయలు దొరుకుతాయని చెప్పాడు.

"తెల్లదే చూపించరాదుటండీ? ఆయనేమన్నా రంగు చూసి ఇస్తాడా కోటా?" అంది హనుమాయమ్మ.

"నలుగురిలో అన్నానే!"

"ఆ నలుగురూ మనకి నూలిస్తారా? నా మాట విని ఇవాళ్టికి బుద్ధిగా కూచోండి. నేను కిరసనాయిలుకి పోయొస్తా" అని డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో, హెల్తు ఇన్‌స్పెక్టరు సొలొమోను గారు పెరట్లోకి వచ్చాడు. కాలవ అవతల రెండిళ్ళలో కలరా తగిలిందని ఆయన నూతి నూతికీ మందు వేసుకుంటూ వస్తున్నాడు. ఎక్కడికి వెళ్ళినా మంచినీళ్ళు పాడుచేశావని ఆడవాళ్ళు తిడుతున్నారు. పాపం, మొహం వేలాడిపోయి ఉంది. సీసాలోంచి నల్లటి పలుకులు చెంచాతో తీసి, బకెట్టు నీళ్ళలో వేసి కలిపాడు.

బకెట్టులో నీళ్ళు వంకాయపువ్వు రంగుకు తిరిగాయి. చౌడయ్య బకెట్టు మీదికి వంగాడు. ఎవరి కంటికైనా అది మందే. పది కొట్లు తిరిగి వట్టి చేతులతో వచ్చిన నేతగాడి కంటికి మాత్రం అది రంగు తప్ప ఇంకేమీ కాదు.

"ఇదేం పదార్థమండీ ఇన్‌స్పెక్టరుగారూ?"

"పర్మాంగనేటు. పురుగుల్ని చంపేస్తుంది."

"ఉతికితే పోతుందాండీ?"

"ఉతకటమేమిటి! చేతికంటిందంటే వారం దాకా వదలదు."

గట్టి రంగన్నమాట! చౌడయ్య చేతులు జోడించాడు. "అయ్యా, ఇంటో తాగే నీళ్ళలోక్కూడా ఓ పొట్లం ఇప్పించండి బాబూ."

మందు కావాలని అడిగినవాడు ఆ చుట్టుపక్కల ఇతనొక్కడే. సొలొమోను గారి కళ్ళు చెమర్చాయి. నూతి గట్టు మీద పొట్లం కడుతూ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "బిందెడు నీళ్ళకి ఒకటో రెండో పలుకులు. నీళ్ళు లేత గులాబి రంగుకొస్తే చాలు, ముదురు రంగొచ్చిందంటే పారబొయ్యండి. వట్టి చేత్తో ముట్టుకోకండి, తోలు కాలుతుంది. పొడి కంట్లోకీ ముక్కులోకీ పోకూడదు. పిల్లలకి అందనివ్వకండి. విన్నారా?"

"వినకేమండీ" అన్నాడు చౌడయ్య. విన్నమాట నిజమే. ఆ జాగ్రత్తలన్నీ తాగే నీళ్ళకు సంబంధించినవి, చీరకు కాదు గదా అనుకున్నాడు.

ఆయన గడప దాటగానే చౌడయ్య గంగాళం నిండా నీళ్ళు పోశాడు. పలుకులు గుప్పెటతో తీసి వేశాడు. చాలదేమోనని పొట్లం మొత్తం దులిపేశాడు. ఆ దులుపుడుకు పొడి లేచి ముక్కులోకి పోయింది. పెద్దగా తుమ్మి, ఆ చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. చీర ముంచి పైకెత్తి చూశాడు. అచ్చం వంకాయపువ్వే! జక్కయ్య మొహం ఎలా మాడిపోతుందో తలచుకుంటూ దండెం మీద ఆరేశాడు.

జక్కయ్య మొహం సంగతేమో గాని, చీర అంచు ముందు మాడింది. ఎండ తగిలిన చోటల్లా ఊదా పోయి గోధుమ రంగు వచ్చింది. చూస్తుండగానే అది పాకి పాకి చీర చీరంతా చుట్టాకు రంగుకు తిరిగింది. చౌడయ్య గబగబా దండెం మీంచి లాగాడు. మళ్ళీ ముంచాడు, మళ్ళీ అదే. జాడించాడు, పిండాడు, రుద్దాడు. రంగు వదలలేదు. ఇన్‌స్పెక్టరు అబద్ధం చెప్పే మనిషి కాదు. చేతులు చూసుకుంటే అవీ చుట్టాకు రంగే, పైగా మంట. ఇక చేసేది లేక చీర పెరట్లో పడేసి, గంగాళం ఎత్తి వీధి మురుగు కాలవలోకి ఒంపి, అరుగు మీద కూలబడి తల పట్టుకున్నాడు.

ఆ ఊదా నీళ్ళు మురుగు కాలవ వెంట జక్కయ్య గుమ్మం ముందుకు పారాయి. కాలవ అవతల కలరా వచ్చిన ఇళ్ళ ముందు అవే నీళ్ళు పారటం జక్కయ్య కళ్ళారా చూసి వచ్చాడు. వెంటనే పరుగెత్తుకొచ్చాడు. మొహమంతా మచ్చలతో చౌడయ్య, ఇంట్లో అలికిడి లేదు, హనుమాయమ్మ ఎక్కడా కనిపించటం లేదు.

"ఎప్పట్నుంచి బావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"పొద్దున నిక్షేపంగా ఉంది బావా" అన్నాడు చౌడయ్య తల ఎత్తకుండానే. "ఇందాక చూస్తుండగానే రంగు మారిపోయింది."

"అయ్యయ్యో! మరిప్పుడెట్లా ఉందీ?"

"ఇంకెక్కడుంది బావా. పోయింది. పెరట్లో వేసుంచా. అంతా నా చేతులారా చేసుకున్నా. అది చెప్తూనే ఉంది, నేనే విన్లా."

జక్కయ్యకు దుఃఖం పొంగుకొచ్చింది. చౌడయ్యతో ఎన్ని పోటీలున్నా ఆ తల్లి చేతి గోంగూర పచ్చడి తినని వారం లేదు.

"ఎవరితోనూ అనకు బావా, నీకు దండం పెడతా" అన్నాడు చౌడయ్య. "ఆఫీసరొచ్చి పోయేదాకా."

పెళ్ళాం పోయి పెరట్లో ఉంటే వీడికి ఆఫీసరు కావలసి వచ్చాడా అని జక్కయ్య నిర్ఘాంతపోయాడు. అయినా మాట ఇచ్చాడు గనక ఎవరితోనూ అనలేదు. తన భార్యతో చెప్పాడు, ఎదురింటివాళ్ళతో చెప్పాడు, సొలొమోను గారికి కబురు పంపాడు. కాసేపటికి వీధిలో ఆడవాళ్ళంతా దూరదూరంగా నిలబడి కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు.

కిరసనాయిలు డబ్బాతో మలుపు తిరిగిన హనుమాయమ్మ ఆ ఏడుపు విని హడలిపోయింది. "ఏమైందమ్మా? ఎవరు పోయారూ?"

"ఇంకెవరమ్మా, మన హనుమాయమ్మే" అని వెక్కుతూ చెప్పింది ఒకావిడ. చెప్పి, కళ్ళు తుడుచుకుని, ఎవరితో చెప్పిందో చూసి కెవ్వున అరిచింది. వీధిలో తలుపులన్నీ టపటపా పడ్డాయి.

సరిగ్గా అప్పుడే వెంకటప్పయ్య గారి జట్కా వీధిలోకి వచ్చింది. మూసిన తలుపులు చూశాడు. కాలవలో ఊదా నీళ్ళు చూశాడు. "ఏమిటయ్యా ఇది?" అన్నాడు.

"కలరా అండీ, మా బావగారింటో" అని జక్కయ్య కిటికీలోంచి అరిచాడు. "మనిషి పోయిందండీ!"

ఆ మాట చౌడయ్య చెవిన పడింది. ఆఫీసరు తిరిగిపోతే కోటా పోయినట్టే. రంగు ఏడిస్తే ఏడ్చింది, గుడ్డ మాత్రం తను నేసిన గుడ్డ, లాగి చూస్తే ఆయనకే తెలుస్తుందని పెరట్లోంచి తడి చీర తెచ్చి చంకలో పెట్టుకుని వీధిలోకి దూకాడు. అప్పటికే జట్కావాడు గుర్రాన్ని తిప్పుతున్నాడు. చౌడయ్య వెనక చట్రం పట్టుకుని వేళ్ళాడాడు.

"అయ్యా! కలరా లేదండీ, ఏమీ లేదండీ! ఇదుగో చీర, లాగి చూడండి బాబూ!"

వెంకటప్పయ్యకు కనిపించింది మచ్చల మొహం, కాలినట్టున్న చేతులు, ఆ చేతుల్లో నీళ్ళోడుతున్న ఏదో గుడ్డ. "ముట్టుకోకు! దూరం జరుగు! అది నా మీద పడనివ్వకు!" అని ముందుకు జరిగి జట్కావాడి ఒళ్ళో కూర్చున్నంత పని చేశాడు.

"మీరు లాగి చూడందే నేను వదలనండీ. మగ్గం ఆగిపోతే మేం బతకలేమండీ!"

"చూశానయ్యా! ఇక్కణ్ణుంచే కనపడుతోంది! బ్రహ్మాండంగా ఉంది!" మోకాలి మీద కాగితం పెట్టి గిలికి, మడిచి, వీలైనంత దూరంగా విసిరేశాడు. "కోటా రాశా. పో, పోయి తీసుకో! పోనీరా బండి!"

చౌడయ్య చీటీ కోసం వదిలాడు. గుర్రం బందరు రోడ్డు చేరేదాకా ఆగలేదు.

కబురందుకుని రొప్పుతూ వచ్చిన సొలొమోను గారికి కలరా ఎక్కడా కనిపించలేదు. ఖాళీ పొట్లం కనిపించింది. "మొత్తం పోశారా? మనుషులు మింగితే ప్రాణం పోయే సరుకండీ అది!" అంటూ చౌడయ్య చేతిలో చీర అందుకుని, రెండు వేళ్ళతో అటూ ఇటూ కాస్త లాగాడు. చీర పర్రుమని చిరిగి రెండు ముక్కలైంది. "మోతాదులో ఉంటే పురుగుల్ని తింటుంది. మోతాదు మించితే పురుగూ, తోలూ, గుడ్డా అని చూడదు. ముందా చేతులు మంచినీళ్ళతో కడుక్కోండి. మంట తగ్గాక మచ్చలకి నిమ్మరసం రాసుకోవచ్చు."

చౌడయ్య చీర ముక్కల వంకా, జట్కా వెళ్ళిన వైపూ చూశాడు. ఆ లాగుడేదో ఆఫీసరు లాగి ఉంటే! అక్కడే చతికిలబడ్డాడు. అప్పటికి సంగతంతా విన్న హనుమాయమ్మ చీటీ తీసుకుని కొంగున ముడేసుకుంది.

"ఇటివ్వవే, ఒకసారి చూస్తా."

"మీ చేతికిస్తే దీనికీ రంగేస్తారు. బతికుండగానే నన్ను పెరట్లో పడుకోబెట్టారు, ఇంక చాల్లెండి" అంది. అనటం కోపంగానే అంది గాని, కొంగు వదలకుండా ఏడ్చేసింది.

మర్నాడే నూలు వచ్చింది, మగ్గం ఆడింది. జక్కయ్య ఎర్ర చీర చూడటానికి ఆఫీసరు ఆ వీధి మొహం మళ్ళీ చూసేసరికి నెల దాటింది. ఆ ఏడాది పటమటలో కలరాతో బాగుపడ్డవాడు చౌడయ్య ఒక్కడే, అదీ కలరా రాకుండా.