బ్రేకు బాబాయి గుర్రం

బ్రేకు బాబాయికి కోపం రావడానికి మామూలుగా కారణం అక్కర్లేదు. ఆ ఆదివారం పొద్దున మాత్రం కారణం కూడా దొరికింది. పాత ఇనుము కొనేవాణ్ణి పదకొండింటికి రమ్మని పిన్ని కబురు పెట్టింది.

"ఎవర్నడిగి పిలిచావే?"

"మిమ్మల్ని అడిగీ అడిగీ పదకొండేళ్ళయింది. అందుకే ఈసారి వాణ్ణే అడిగా."

సంగతేమిటంటే, ఆ ఇంటి వెనక గదిలో బాబాయిది ఒక డర్ట్ బైకుంది. పాత టూ స్ట్రోకు బండి. వయసులో ఉండగా దాని మీద గుట్టలెక్కాడట, గోతులు దూకాడట. దానికి సాక్షి ఆ బండి ఒక్కటే. అది నోరు విప్పి పదకొండేళ్ళు.

పిన్ని దర్జీ. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని వచ్చింది. సోమవారానికల్లా గుడ్డ కత్తిరించే పెద్ద బల్ల వెయ్యాలి. అది పట్టే చోటు వెనక గది ఒక్కటే. ఇన్నాళ్ళూ పాపం మంచం మీదే కత్తిరించేది. రెండుసార్లు దుప్పటి తెగింది. ఒకసారి బాబాయి నిద్రపోతుంటే ఆయన పంట్లాం కాలు కూడా తెగింది.

"నా గుర్రాన్ని పట్టుకుని ఇనుమంటావా?"

"గుర్రమైతే గడ్డి తినేది. ఇది చోటు తింటోంది."

బాబాయికి ఒళ్ళు మండిపోయింది. గుమ్మంలో నిలబడి వీధి వీధంతా వినేలా అరిచాడు. "పదకొండు లోపల దీన్ని స్టార్ట్ చేసి, ఎక్కి, గేటు దాటించినవాళ్ళదే ఈ గది! బండీ వాళ్ళదే! దాటించలేకపోతే ఇనుములోకే పోనీ!"

"ఎవరైనా సరేనా?"

"ఎవరైనా సరే!"

ఆ ఇంట్లో అంతటి మొనగాడు తనొక్కడేనని ఆయన ధీమా. పిన్ని మెడలో టేపు సర్దుకుని "సరే" అంది. అంత తేలిగ్గా సరే అన్నందుకు బాబాయికి ఇంకోసారి కోపం వచ్చింది.

బావమరిదిని పిలిపించాడు. పిన్నికి తమ్ముడు, పంపుసెట్లు బాగుచేస్తాడు. బండిని చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఇది పెట్రోలా బావా, కషాయమా?"

పాతది పారబోశారు. టూ స్ట్రోకు బండికి పెట్రోల్లోనే నూనె కలిపి పొయ్యాలి. నూనె లేదు. బాబాయి పిల్లిలా లోపలికి వెళ్ళి పిన్ని కుట్టు మిషను నూనె సీసాలన్నీ పట్టుకొచ్చాడు.

తర్వాత కార్బొరేటరు విప్పారు. పెట్రోలు దిగే సన్న బెజ్జం మట్టితో పూడిపోయింది.

"సన్న సూది కావాలి బావా."

బాబాయి మళ్ళీ పిల్లిలా వెళ్ళి మిషను సూది పీక్కొచ్చాడు.

ప్లగ్గు మసిబారింది. తుడవడానికి మెత్తటి గుడ్డ కావాలన్నాడు బావమరిది. దొరికింది. ప్లగ్గు మెరిసింది. బయట పట్టుకుని చూస్తే నీలం నిప్పురవ్వ చిటుక్కుమంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి పిన్ని గొంతు. "ఏమండీ, నా మిషను సూదేదీ?"

"సూది నన్నడుగుతావేంటే? నేనేమైనా దర్జీనా?"

"నూనె సీసాలేవీ?"

"మిషను తాగేసిందేమో!"

"మరి బడివాళ్ళకి చూపించాల్సిన ఈ చొక్కాకి కుడి చెయ్యేదీ?"

బాబాయి తన చేతిలోని మసిగుడ్డ వంక చూశాడు. దానికి కఫ్ ఉంది. గుండీ కూడా ఉంది.

"అన్యాయంగా మాట్లాడకు!" అని ఎదురు గద్దించాడు. తప్పు తనదైనప్పుడు ఆయనకి గొంతు రెండింతలవుతుంది.

బండిని పెరట్లోకి తోసి, గేటువైపు మొహం పెట్టి నిలబెట్టారు. కిక్కు కొట్టడం మొదలైంది. ఒకటి. ఫట్. పది. ఫట్. ముప్పై. అంతే.

"నీ ప్లగ్గులో లోపం" అన్నాడు బాబాయి.

"నా ప్లగ్గా? ప్లగ్గు నీదే బావా. నువ్వు కిక్కు రాడ్డు చివరిదాకా తొక్కడం లేదు."

అది నిజం. బాబాయి ముప్పయ్యేళ్ళు బస్సు నడిపాడు. కుక్క కనబడితే బ్రేకు, కోపమొస్తే బ్రేకు, ఎవరూ చెయ్యెత్తకపోయినా బ్రేకు. అందుకే ఆ పేరు. ఆ కుడికాలు ఏది తొక్కినా సగంలో టక్కున ఆగిపోతుంది.

"నాకు తొక్కడం నేర్పుతావురా? పంపుసెట్లవాడివి!"

"నాకు బండి నేర్పింది అక్క, బావా. నాన్న మోటారు సైకిలు మీద."

"మీ అక్క సూదిలో దారం ఎక్కించడం నేర్పుంటుందిలే!"

పదింబావుకే ఇనుమువాడు తోపుడు బండితో వచ్చేశాడు. గేటు పక్కన దిగబడి, సినిమాకొచ్చినట్టు తీరుబడిగా కూచున్నాడు.

"కానివ్వండి బాబుగారూ. నాకేం తొందర లేదు. చక్రాలు విప్పడానికి పానా తెచ్చుకున్నాను."

ఆ మాటకి బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. బావమరిది చెవిలో ఉపాయం చెప్పాడు. "ఇంజనులో రవ్వ పడే ప్లేటు కాస్త తిప్పుతా. రవ్వ ముందే పడుతుంది. చిన్న తన్నుకే లేస్తుంది."

తిప్పాడు. పదకొండుకి పావుగంట ఉంది. బాబాయి కళ్ళు మూసుకుని తన్నాడు. కాలు అలవాటుగా సగంలో ఆగింది. రాడ్డు ఎదురుతన్ను తన్నింది. ఆ వెంటనే బండి లేచింది! డుర్ర్ర్‌మని పెరడంతా తెల్లటి పొగ.

"చూశావా!" బాబాయి పొగలోంచి గర్జించాడు. "ఇనుమట! రా, ఇప్పుడు కొను!"

ఎక్కాడు. ఛాతీ విరుచుకున్నాడు. మొదటి గేరు వేసి, గేటు వంక రాజులా చూసి క్లచ్ వదిలాడు.

బండి వెనక్కి వెళ్ళింది.

మెల్లిగా కూడా కాదు. బాబాయి మొహం గేటువైపు, ప్రయాణం ఇంటివైపు. బట్టలారేసిన తీగ వీపుకి తగిలి తెగింది, దిండు గలీబు నెత్తిన పడింది. "ఆగవే! నేను చెప్పింది అటు!" అని అరుస్తూనే గుమ్మం దాటి, వెనక గదిలోకి దూరి, పదకొండేళ్ళుగా ఉన్న చోటే, అదే గోడకి ధన్‌మని ఆనుకుని బండి ఆగిపోయింది.

ఇనుమువాడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

"మోసం! గేర్లు తలకిందులు పెట్టారు! ఈ బండి చేసినవాణ్ణి జైల్లో వెయ్యాలి!" గలీబు నెత్తిమీదే ఉంది.

పిన్ని గుమ్మంలో నిలబడి చక్రం వంక చూసింది, కిక్కు రాడ్డు వంక చూసింది. ఆమె నవ్వలేదు. అది బాబాయికి మరీ అవమానంగా అనిపించింది.

"గేర్లు బాగానే ఉన్నాయి. ఇంజనే వెనక్కి తిరిగింది. నా దగ్గరికి కుట్టు నేర్చుకోవడానికొచ్చే పిల్లలంతా మొదటిరోజు ఇదే చేస్తారు. కాలు సగం తొక్కి మానేస్తే మిషను చక్రం వెనక్కి తిరుగుతుంది, దారం తెగుతుంది."

"కుట్టు మిషనూ ఇదీ ఒకటేనా?"

"టూ స్ట్రోకు అంతే బావా, వెనక్కీ నడుస్తుంది" అని బావమరిది నసిగాడు. "నేనూ కాస్త ఎక్కువ తిప్పాననుకో."

"తిప్పింది మొదటికి తిప్పరా. బండి బయటికి తియ్యి" అంది పిన్ని.

తమ్ముడు ప్లేటు సరిచేసి బండి బయటికి తోశాక, పిన్ని టేపు మెడలోంచి తీసి బాబాయి మెడలో వేసింది. రాడ్డు మీద కాలు పెట్టి, బరువంతా మోపి, పైనుంచి కిందిదాకా ఒక్కటే తొక్కు. బండి బుద్ధిగా లేచింది. ఎక్కి, గేరు వేసి, ముందుకు పోనిచ్చి గేటు దాటింది. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి గేటు బయటే ఆపింది. గోడ గడియారం అప్పుడు పదకొండు కొట్టింది.

ఇనుమువాడు పానా తీశాడు.

"నువ్వెళ్ళు నాయనా. ఇది ఇనుము కాదు, నా బండి. యూనిఫారాలు బడికి ఎవరు చేరేస్తారు మరి?"

"ఒసే, అది నా గుర్రం!"

"దాటించినవాళ్ళదేనన్నారుగా. వీధంతా విన్నది."

ఎదురింటి కిటికీలోంచి ఎవరో "విన్నాం, విన్నాం!" అన్నారు.

సాయంత్రానికి వెనక గదిలో బల్ల పడింది, పక్కన కుట్టు మిషను చేరింది. చింపినవాళ్ళే కుట్టాలని పిన్ని శాసనం. బాబాయి మిషనుకి కొత్త సూది బిగించుకుని, చేయి లేని చొక్కా ముందేసుకుని కూచున్నాడు. ముప్పయ్యేళ్ళు బస్సు తోలినవాడికి ఇదో లెక్కా అని గొణుక్కుంటూ పెడలు మీద కుడికాలు వేసి తొక్కాడు.

చక్రం వెనక్కి తిరిగింది. దారం పుటుక్కుమంది.

పెరట్లో తన బండి తుడుచుకుంటున్న పిన్ని తల కూడా తిప్పకుండా కేకేసింది.

"ఏమండీ, పూర్తిగా తొక్కండి!"